యాంటీబాడీ టెస్టు దగ్గరే ఆపేస్తే ఎలా? (5కి 2 స్టార్లు)

నాన్నకి శుక్లం ఆపరేషన్ ముందు మా పేటలోని ఓ ల్యాబ్‌లో వైరల్ మార్కర్స్ ప్యాకేజీ (రక్తంలో వైరస్‌ల జాడ చూసే టెస్టులు) తీసుకున్నాం. ఇంటికే వచ్చి రక్తం తీశారు, సిరంజి మా ముందే విప్పారు, సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు. ఇంతవరకు బాగుంది. కానీ అందులో 'యాంటీ హెచ్‌సీవీ: రియాక్టివ్' అని ఉంది, కింద ఒక్క ముక్క వివరణ లేదు. ఫోన్ చేస్తే "హెపటైటిస్ సి పాజిటివ్ అండీ, లివర్ డాక్టర్‌ని కలవండి" అని పెట్టేశారు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. నాన్న తన కంచం, గ్లాసు వేరుగా పెట్టేసుకున్నారు, తిండి వల్ల ఇది అంటదని మాకెవరూ చెప్పలేదు మరి.

అసలు ఆ టెస్టు వెతికేది యాంటీబాడీలని, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలని. అది చెప్పేది వైరస్ ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చి ఉండొచ్చు అని మాత్రమే. ఇప్పుడుందా లేదా అన్నది వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే ఆర్ఎన్ఏ టెస్టు తేలుస్తుంది. సోకినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ఆరు నెలల్లో మందు లేకుండానే పోతుంది, యాంటీబాడీలు మాత్రం మిగిలిపోతాయి. దేశం మొత్తానికి లెక్క కట్టేటప్పుడూ ఇదే తిరకాసు: ఈజిప్టులో 2015 సర్వేలో 15-59 ఏళ్లవాళ్లలో యాంటీబాడీలు 10 శాతం మందిలో కనిపిస్తే, వైరస్ ఉన్నది 7 శాతంలోనే. ఏ అంకె పట్టుకున్నారన్న దాన్ని బట్టి ఎంతమందికి మందులు కావాలో లక్షల్లో మారిపోతుంది.

మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత రక్త నమూనాల్లో యాంటీబాడీలు తేలింది 0.32 శాతమే. అంటే వెయ్యికి ముగ్గురు. జబ్బు ఇంత అరుదైన చోట టెస్టు వందలో ఒక్కరికి తప్పు చెప్పినా, వెయ్యి మందిలో పది తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి, అసలువాళ్లకంటే ఎక్కువ! అలాగని ఆ సగటు అందరికీ సరిపోదు, పంజాబ్‌లోనూ డయాలసిస్ సెంటర్లలోనూ ఎక్కువే ఉంటుంది, కాబట్టి రియాక్టివ్ వస్తే వదిలేయకూడదు, రెండో టెస్టు చేయించాల్సిందే.

మేము ప్రభుత్వాసుపత్రిలో చేయించాం. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద టెస్టూ మందులూ ఉచితం. కొన్నాళ్లు ఆగాల్సి వచ్చింది, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను, కానీ అక్కడి కౌన్సెలర్ నాన్నని కూర్చోబెట్టి ఇదంతా ఓపిగ్గా చెప్పారు. ఆర్ఎన్ఏ నెగటివ్. ఆపరేషన్ అయిపోయింది.

రెండు స్టార్లూ రక్తం తీసిన అమ్మాయికి. ప్యాకేజీ బుక్ చేసేముందు ఒక్కటి అడగండి: రియాక్టివ్ వస్తే అదే రోజు తీసిన రక్తంతో ఆర్ఎన్ఏ కూడా చేస్తారా? లేదంటే వేరే ల్యాబ్ చూసుకోండి.