స్టీలీ డాన్ 'గ్రేటెస్ట్ హిట్స్' (1978): ఈ సెట్ విలువ పాటల వరసలో ఉంది

అమెరికన్ రాక్ బ్యాండు స్టీలీ డాన్ పాటలతో ఏబీసీ రికార్డ్స్ తెచ్చిన రెండు ఎల్‌పీల (వినైల్ రికార్డుల) సెట్ ఇది. మొత్తం 18 పాటలు. హిట్లన్నీ కలగలపకుండా 1972 నుంచి 1977 దాకా ఆరు ఆల్బమ్‌లు వచ్చిన వరసలోనే పేర్చారు. బ్యాండు నడిపిన డోనల్డ్ ఫేగన్, వాల్టర్ బెకర్ 1974లో కచేరీలు మానేసి స్టూడియోలో కూర్చున్నారు. సరిగ్గా అక్కడే మొదటి రికార్డు అయిపోతుంది. రెండోది పెట్టగానే తేడా చెవికి తెలుస్తుంది.

మొదటి పాట 'డూ ఇట్ అగైన్'లో బ్యాండు గిటారిస్టు డెనీ డయాస్ వాయించింది ఎలక్ట్రిక్ సితార్. పట్టుకోవడం, మీటడం అంతా గిటార్‌లాగే. దాని బ్రిడ్జి (తీగలు ఆనే పీట) చదునుగా ఉండి తీగ దానికి రాసుకుంటుంది కాబట్టి, తంబురా బ్రిడ్జి మీద దారం సర్దినప్పుడు వచ్చే జుమ్మనే నాదం పలుకుతుంది. రెండో వైపున జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ బాణీ 'ఈస్ట్ సెయింట్ లూయిస్ టూడిల్-ఊ' ఉంది. అసలు బాణీలో మ్యూట్ (మూతికి పెట్టే మూత) పెట్టిన ట్రంపెట్ గుర్రుమనడాన్ని బెకర్ టాక్‌బాక్స్‌తో తెచ్చాడు: గిటార్ శబ్దం గొట్టంలోంచి నోట్లోకి వస్తుంది, నోరు తిప్పుతూ దాన్ని మలచాలి. ఈ బ్యాండుకి జాజ్ ఎంత దగ్గరో తెలియాలంటే ముందు ఇదే వినండి.

మూడో వైపు మొదలయ్యే 'హియర్ ఎట్ ద వెస్టర్న్ వరల్డ్' అంతకుముందు ఏ ఆల్బమ్‌లోనూ రాలేదు. దాని తర్వాతి మూడు పాటలు 'కేటీ లైడ్' లోవి. ఆ ఆల్బమ్ మిక్సింగ్‌లో టేపు రొద తగ్గించే యంత్రం మొరాయించింది, వచ్చిన శబ్దం ఫేగన్, బెకర్‌లకే నచ్చలేదు. అక్కడ డ్రమ్స్ తాళాల (సింబల్స్) మెరుపు తగ్గినట్టనిపిస్తే మీ సూదిని అనుమానించకండి.

నాలుగో వైపు 'కిడ్ షార్లమేన్'లో లారీ కార్ల్టన్ గిటార్ సోలో ఒక్కటి చాలు, ఈ సెట్ కొనడానికి. కానీ 1977 ఆల్బమ్ 'ఏజా' నుంచి 'పెగ్', 'జోసీ' మాత్రమే తీసుకోవడం అన్యాయం. ఈ వైపు నిడివి సుమారు 17 నిమిషాలే. అదే ఆల్బమ్‌లోని ఏడున్నర నిమిషాల 'డీకన్ బ్లూస్' కలిపితే 25 దగ్గరికి వెళ్లేది. గాడులు ఇరుకై, శబ్దం తగ్గించి కోయాల్సివచ్చేది. అయినా ఆ పాట లేని హిట్స్ సెట్ వెలితిగానే ఉంటుంది.

పాత కాపీ కొనేటప్పుడు ప్రతి వైపూ చివరి పాట వేయించుకుని వినండి, ముఖ్యంగా 'బోధిసత్వ'. లేబుల్ దగ్గరికొచ్చేసరికి సూది కింద గాడి నడిచే వేగం తగ్గుతుంది, అందుకని అరుగుదల ముందు అక్కడే బయటపడుతుంది. తాళాలు, 'స' అక్షరాలు బరబరలాడితే ఆ కాపీ వదిలేయండి, కడిగినా పోదు. టిక్కుటిక్కుమనే చప్పుడు మాత్రం దుమ్ముది కావచ్చు, శుభ్రం చేసి చూడొచ్చు. సీడీ చాలనుకునేవాళ్లు 'ఏజా' పూర్తి ఆల్బమ్ కూడా విడిగా తీసుకోండి.