జాగ్రత్త: ‘షిన్‌చాన్ సినిమాలన్నీ తెలుగులో’ అనే పెన్‌డ్రైవ్ కొనకండి

‘షిన్‌చాన్ సినిమాలన్నీ తెలుగులో, 128 జీబీ పెన్‌డ్రైవ్’ అన్న ప్రకటన చూసి డబ్బులు పంపకండి. పైరసీ సరుకు అన్నది ఒక సంగతి, చెప్పిన సరుకు కూడా అందులో ఉండదు.

షిన్‌చాన్ జపాన్ కార్టూన్. 1993 నుంచి దాదాపు ఏటా ఒకటి చొప్పున జపాన్‌లో ముప్పైకి పైగా సినిమాలు వచ్చాయి. అన్నిటికీ తెలుగు డబ్బింగ్ లేదు. అందుకే టీవీ రికార్డింగులు కొన్ని, హిందీ ఆడియోవి కొన్ని వేసి, మామూలు ఎపిసోడ్లు నాలుగైదు అతికించి సినిమా పేరు తగిలించి లెక్క నింపుతారు. ఇక్కడి పేర్లు జపాన్ పేర్లతో కలవవు కాబట్టి ఒకే సినిమా రెండు పేర్లతో కూడా ఉంటుంది.

పేర్ల జాబితా చూసి నమ్మొద్దు. విడుదలైన ఏడాది, నిడివి అడగండి. కెయిచి హారా తీసిన 2001 సినిమా 89 నిమిషాలు, 2002ది 95. ఫైలు 70 నిమిషాలే ఉంటే అది యాడ్ల కోసం కోసిన టీవీ ప్రింటు. 2001 సినిమాలో షిన్‌చాన్ నాన్న హిరోషి జీవితమంతా మాటల్లేకుండా సాగే ఘట్టం తెగిపోతే ఇక ఆ సినిమా చూసినట్టే కాదు. 2023లో వచ్చింది పూర్తిగా 3డీ సీజీ, అంటే కంప్యూటర్‌తో తీసిన 3డీ బొమ్మ. ఆ ఏడాది పేరుతో మామూలు 2డీ బొమ్మ ఉంటే ఫైలు నకిలీదే.

పెన్‌డ్రైవ్ కూడా అనుమానించాల్సిందే. లోపల 8 జీబీ చిప్ పెట్టి, 128 అని చూపించేలా డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్‌ను మార్చేస్తారు. ఫైళ్ల పేర్లు, సైజులు అన్నీ కనిపిస్తాయి, కానీ మొదటి కొన్ని సినిమాల తర్వాత ఏదీ ఆడదు. ఇప్పటికే కొన్నవాళ్లు డ్రైవ్ రాగానే అన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఒక్కోదాన్నీ మధ్యలోకి, చివరికి జరిపి చూడండి. తర్వాత డ్రైవ్ ఖాళీ చేసి విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే పరీక్ష ప్రోగ్రామ్‌లు నడపండి. అసలు ఎన్ని జీబీలో అదే తేలుస్తుంది.

ఇప్పటికే డబ్బులు కట్టి మోసపోయినవాళ్లు యూపీఐ లావాదేవీ నంబరు, ప్రకటన స్క్రీన్‌షాట్, చాట్ దాచుకుని వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే డబ్బు వేరే ఖాతాల్లోకి జారిపోతుంది. షాపింగ్ సైటులో కొన్నదైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

జపాన్ ఒరిజినల్ డిస్కులు తెప్పించుకునేవాళ్లు రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్‌లో డిస్కు ఆడుతుందో చెప్పే కోడ్) చూసుకోండి. అక్కడి డీవీడీ 2, మనది 5. బ్లూరే అక్కడ ఏ, ఇక్కడ సీ. వాటిలో తెలుగు ఆడియో ఉండదు. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చగలం, ఆ తర్వాత చివరిగా పెట్టిన దానికే లాక్ అయిపోతుంది.