చలి ఏ మలుపులో ఉంది? నర్సీపట్నం నుంచి మన్యంలోకి బండి మీద

మా నర్సీపట్నం వాళ్ళకి, చలికీ మంచుకీ పేరుపడ్డ కొండమీది ఊరు లంబసింగి పక్కవీధి లాంటిది. ఊరి చివర పెట్రోలు కొట్టించుకుని ఉత్తరానికి బండి తిప్పితే గంటన్నర లోపే ఘాట్ ఎక్కేసి ఉంటాం. హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ కార్లేసుకుని వచ్చేవాళ్ళకి ఒక్క తెల్లవారుజామే దొరుకుతుంది. ఆ రోజు మంచు పడితే పడ్డట్టు, లేకపోతే ఉసూరుమంటూ వెనక్కి పోవడమే. మాకు కార్తీకం వెళ్ళినప్పటి నుంచి సంక్రాంతి దాటేదాకా చలికాలమంతా మాదే. అందుకే ఈసారి నేనూ మా బావా ఆ దారి మీద ఒక ఆట పెట్టుకున్నాం.

ఆట ఏమిటంటే, ఈ దారిలో పైకి పోయేకొద్దీ చలి ఒక్కలాగే పెరగదు. వెచ్చగా సాగిపోతున్నవాళ్ళకి ఒక మలుపులో ఉన్నట్టుండి మోకాళ్ళు జివ్వుమంటాయి. నాలుగు బారలు దాటగానే మళ్ళీ మామూలే. అలాంటి చలిగుంట రాబోతోందని ముందే పసిగట్టి హారన్ కొట్టినవాడికి ఒక పాయింటు. కొట్టాక చలి తగలకపోతే పాయింటు ఎదుటివాడిది. ఓడినవాడు టీ, పకోడీ ఇప్పించాలి. ఊళ్ళ దగ్గర హారన్ కొట్టకూడదు, పందెం కోసం మలుపుల్లో ఒకరినొకరు దాటకూడదు. ఈ రెండూ మొదటే ఒట్టేసుకున్నాం.

గుడ్డి ఊహలతో ఇది గెలవలేం. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, బరువెక్కిన గాలి వాలు పట్టుకుని మెల్లగా కిందికి జారుతుంది. గెడ్డ (కొండవాగు) ఉన్నచోట, పొలం గుంటగా ఉన్నచోట, కల్వర్టు దగ్గర పోగుపడి నిలిచిపోతుంది. పక్కనున్న గట్టు మీద మాత్రం వెచ్చగా ఉంటుంది. అంటే రోడ్డు దిగి గెడ్డ దాటుతున్న ప్రతిచోటా చలి కాచుకుని ఉంటుందన్నమాట. ఈ కిటుకు పట్టుకున్నాక మా బావ వరసగా పాయింట్లు లాగేశాడు. నేను చెట్ల నీడ చూసి హారన్ కొడితే, "బావా, ఇక్కడేటీ లేదు, ఊరికే కొట్టీసావు" అని వెనక నుంచి ఒకటే నవ్వు. దట్టమైన చెట్ల కింద నేల వేడి అంత తొందరగా పైకి పోదు. చెట్టు నీడని చూసి చలి అనుకోవడం పగటి లెక్క, తెల్లవారుజామున అది పనిచెయ్యదు.

ఇక బట్టల సంగతి. కొత్తగా వచ్చే కుర్రాళ్ళు ఎక్కువ కష్టపడేది దీని దగ్గరే. థర్మామీటరు అయిదు డిగ్రీలు చూపించేటప్పుడు బండి నలభై వేగంతో పోతుంటే ఒంటికి తగిలేది సున్నాకి కాస్త కిందే. ఒక లావుపాటి స్వెట్టర్ కంటే పల్చటివి రెండు మూడు పొరలు వేసి, పైన గాలి చొరబడని జాకెట్ తొడుక్కోవడం మేలు. జాకెట్ లేకపోతే ఛాతీ మీద చొక్కా లోపల నాలుగు న్యూస్‌పేపర్లు పెట్టుకున్నా గాలి ఆగుతుంది, లారీ డ్రైవర్లు ఎప్పటినుంచో చేసే పనే అది. ముందు చల్లబడేవి వేళ్ళు. వేళ్ళు బిగుసుకుపోతే క్లచ్చూ బ్రేకూ చేతికి అందవు, ఘాట్‌లో అది ప్రమాదం. ఉన్ని గ్లౌజుల కింద పల్చటి రబ్బరు గ్లౌజులు వేసుకుంటే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. హెల్మెట్ అద్దం లోపలివైపు ఒక్క చుక్క సబ్బు రాసి పొడిగుడ్డతో తుడిచేస్తే ఆవిరి పట్టడం తగ్గుతుంది. టైర్లలో గాలి బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించుకోండి. చలికి గాలి ఒత్తిడి తగ్గుతుంది.

మబ్బు తెరలో చిక్కుకున్నప్పుడు హెడ్‌లైటు డిమ్‌లోనే ఉంచాలి. హై బీమ్ వేస్తే వెలుగంతా పొగమంచుకి తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది, ముందేముందో ఇంకా కనపడదు. రోడ్డు ఎడమ అంచు చూసుకుంటూ పోవడమే దారి. అలాంటప్పుడు ఆట ఆపేశాం.

డౌనూరు దగ్గర ఘాట్ మొదలవుతుంది. ఈ రోడ్డు ఎక్కిన ప్రతిసారీ ఒక్కసారైనా బండి ఆపి కిందికి చూస్తాను. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఈ దారి వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల్ని బలవంతంగా పనిలోకి దించి, కూలి కూడా సరిగా ఇవ్వకుండా వేధించాడు. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి పెట్టుబడి అయిన కోపాల్లో ఇదొకటి. 1922 ఆగస్టు 22న ఆయన దళం మొదట కొట్టింది చింతపల్లి పోలీస్ స్టేషన్‌నే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మనం సరదాగా గేర్లు మార్చుకుంటూ ఎక్కే ఈ మలుపుల కింద వాళ్ళ చాకిరీ ఉంది. ఘాట్ పైన రోడ్డు పక్కన ఈ ముక్క తెలుగులో రాసి ఒక బోర్డు పెట్టాలని నాకు గట్టిగా ఉంది. సెల్ఫీ పాయింట్ బోర్డులు ఉన్నాయి కదా, దీనికీ చోటు దొరుకుతుంది.

లంబసింగి జంక్షన్ గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉండటం వల్ల కింద మైదానం కంటే ఆరేడు డిగ్రీలు ఎలాగూ తక్కువ, డిసెంబరు చివరా జనవరి మొదట్లో రాత్రి చలి సున్నా దాకా దిగిన రోజులూ ఉన్నాయి. కానీ శని, ఆదివారాల్లో జంక్షన్‌లో నిలబడితే మంచు కంటే ముందు డీజిల్ పొగ కనిపిస్తుంది. కార్లు రెండు వరసల్లో ఆగుతాయి, స్పీకర్లు మోగుతుంటాయి. చలిమంటల చుట్టూ జనం ఉంటారు, టీ మాత్రం వేడిగా దొరుకుతుంది. మంగళవారమో బుధవారమో వెళితే అదే జంక్షన్ వేరే ఊరిలా ఉంటుంది. మేం వెళ్ళింది మామూలు రోజున. టీ కొట్టు పిన్ని నిప్పు ఎగదోస్తూ, "ముసురుంది బాబూ, ఇయ్యేళ సలి లేదు. ముసురు పోనాక బిగిస్తాది" అంది. మేం అంతసేపు కష్టపడి పట్టుకున్న లెక్క ఆమె నోటి నుంచి ఒక్క ముక్కలో వచ్చేసింది. మబ్బు కప్పుకున్న రాత్రి నేల వేడి బయటికి పోదు, అది తొలగిన రాత్రి చూడాలి తడాఖా. ఆమె మాట విని మంచు చూసే పని మర్నాటికి పెట్టుకున్నాం. అలాగే జరిగింది కూడా.

లంబసింగి జంక్షన్ కంటే కొండమీది ఊరు చెరువులవేనం ఎన్నో రెట్లు మేలు. చీకటితోనే బయల్దేరాలి. బండి కింద ఆపి కొంతదూరం నడిచి ఎక్కితే, కింద లోయంతా మబ్బుతో నిండిపోయి, కొండల తలలు మాత్రం పైకి తేలి కనిపిస్తాయి. రాత్రి జారిన చల్లటి గాలే లోయలో గూడు కట్టి మబ్బయింది, మేం హారన్లు కొట్టుకుంటూ వెతికిన చలిగుంటలకి ఇది పెద్దన్న. ఎండ ఎక్కేకొద్దీ ముందు మబ్బు అంచులు చిరుగుతాయి, తరవాత మధ్యలో ఒక కిటికీ తెరుచుకుంటుంది, అందులోంచి ఒక పొలం, ఒక రేకుల ఇల్లు బయటపడతాయి. తొమ్మిది దాటాక పెద్దగా మిగలదు. ఇక్కడ నా బాధ ఒక్కటే: నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు. తెచ్చినవాళ్ళు ఖాళీ సీసాని తిరిగి కిందికి దించలేరా? పైగా అది జనం కాపురముండే ఊరు. వాకిట్లో పొయ్యి ముట్టించుకుంటున్న ఆడవాళ్ళ మొహం మీదికి ఫోన్ పెట్టి ఫొటోలు తీయడం మానాలి. అడిగి తీసుకుంటే వాళ్ళే నవ్వుతూ నిలబడతారు.

తాజంగి జలాశయానికి పొద్దున్న కాకుండా మధ్యాహ్నం వెళ్ళమంటాను. అప్పుడు ఎండ నీళ్ళ మీద వాలి, గట్టు మీద కూర్చుంటే వీపు వెచ్చగా, మొహం చల్లగా ఉంటుంది. తాజంగి వెళ్ళే దారే అసలు బహుమతి. వలిసెలు పూసిన చేలు రోడ్డుకి రెండువైపులా పచ్చటి పసుపు. నవంబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి, జనవరిలో వచ్చేవాళ్ళకి చాలామటుకు కోతలైపోయి ఉంటాయి. పూల కోసమే వచ్చేవాళ్ళు చలిని కాస్త వదులుకుని ముందే రావాలి. చేలోకి దిగి తొక్కకండి, అది నూనెగింజల పంట, ఒకరి ఏడాది ఆదాయం.

స్ట్రాబెర్రీ తోటలు ఉన్నాయి, మనమే కోసుకుని తూకం వేయించుకోవచ్చు. పిల్లలతో వస్తే వెళ్ళండి, బండి మీద డబ్బా నలగకుండా దించడం మాత్రం కష్టం.

బస గురించి ఎక్కువమంది అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా. లంబసింగి చుట్టూ టెంట్లు బోలెడు వెలిశాయి. మేం మొదటి రాత్రి ఒక టెంట్‌లో ఉన్నాం. టెంటు బాగానే ఉంది, కింద పరుపే పల్చన. చలి పైనుంచి రాదు, నేలలోంచి వస్తుంది. ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వీపు కింద మందంగా ఏదీ లేకపోతే తెల్లవార్లూ మెలకువే. అంత మందికి రెండే మరుగుదొడ్లు, పొద్దున్నే బారెడు వరస. ఆడవాళ్ళతో, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు డబ్బు కట్టే ముందు మరుగుదొడ్లు ఎన్ని, వేడినీళ్ళు ఉన్నాయా అని తప్పకుండా అడగాలి. పన్నెండు దాకా పాటలు పెట్టారు, ఆపమంటే ఆపలేదు. చుక్కలు చూడటానికి వచ్చిన చోట ఆ చప్పుడు అన్యాయం. రెండో రాత్రి చింతపల్లిలో ఒక చిన్న లాడ్జిలో దిగాం. గది సాదా, గోడలు మందం, బకెట్టు వేడినీళ్ళు అడగ్గానే తెచ్చిచ్చారు, బండ్లు లోపల వాకిట్లో పెట్టుకోనిచ్చారు. బండి మీద వచ్చేవాడికి ఇంతకంటే ఏం కావాలి? కుర్రాళ్ళ గుంపుకి టెంటు సరదాయే, కాదనను. మర్నాడు మళ్ళీ ఘాట్‌లో బండి నడపాల్సినవాడికి మాత్రం నిద్ర ముఖ్యం. నా ఓటు చింతపల్లికే.

చింతపల్లికి ఓటు వెయ్యడానికి ఇంకో కారణం, అక్కడ బజారుంది. పంక్చర్ వేసేవాళ్ళు, మెకానిక్కులు, మందుల షాపులు అన్నీ అందుబాటులో ఉంటాయి. ఫోన్ సిగ్నల్ దారిలో వస్తూ పోతూ ఉంటుంది, చేతిలో నగదు ఉంచుకోండి. ఇక్కడి రాజ్‌మా గింజలకి మంచి పేరు, ఒక రెండు కిలోలు సంచిలో వేసుకున్నాం. మిరియాలు కూడా.

రెండో పొద్దున్న నా స్ప్లెండర్ మొరాయించింది. పాత కార్బురేటర్ బండి, చలికి పెట్రోలు సరిగా ఆవిరవ్వదు. చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కిక్ కొట్టాను. మూడు కిక్కులకి దగ్గి, నాలుగోదానికి అందుకుంది. చోక్ అలాగే ఉంచి ఒక నిమిషం ఆగి, ఇంజను శబ్దం కుదురుకున్నాక మెల్లగా లోపలికి నొక్కాలి. వెంటనే రయ్యిమనిపిస్తే చిక్కబడ్డ ఆయిలు పైదాకా అందక ఇంజను అరుగుతుంది. మా బావది ఫ్యుయల్ ఇంజెక్షన్ బుల్లెట్, బటన్ నొక్కగానే లేచింది. ఈ విషయంలో కొత్తబండికే మార్కులు.

బండ్లు వేడెక్కాక ఆర్.వి. నగర్ వైపు కాఫీ తోటల్లో కొంతదూరం తిరిగాం. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటిని పట్టుకుని మిరియం తీగలు, కింద కాఫీ పొదల్లో ఎర్రగా పండిన కాయలు. కాఫీ కోతలు సరిగ్గా ఈ చలికాలంలోనే. ఒక పండు నోట్లో వేసుకుంటే పైతొక్క తియ్యగా ఉంటుంది, గింజ జిగురుగా నాలుక మీద జారుతుంది. కోస్తున్న ఒకావిడే అరచేతిలో పెట్టింది కాబట్టి తిన్నాం. ఇక్కడ పందెం భలే కుదిరింది. తోట లోపల చెట్ల కింద వెచ్చన, తోట అయిపోయి బయలు రాగానే జివ్వు. అంచు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఒకేసారి హారన్ కొడుతున్నాం, పాయింటు ఎవరిదో తేలక అక్కడే కాసేపు కొట్లాట. నన్నడిగితే ఈ తిరుగుడు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఈ తోటల దారికే. చూడాల్సిన పాయింటు, టిక్కెట్టు, బోర్డు ఏమీ లేని దారి.

దిగేటప్పుడు ఘాట్‌లో న్యూట్రల్ వేసి జారకండి. పెట్రోలు మిగిలేది చుక్క, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలితే పోయేది ప్రాణం. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగితే ఇంజనే సగం పట్టుకుంటుంది. పొద్దున్నే రాలిన తడి ఆకుల మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కకూడదు.

కిందికి వచ్చాక నేరుగా ఇంటికి పోబుద్ధి కాలేదు. కొయ్యూరు దారి పట్టుకుని కృష్ణదేవిపేట వెళ్ళాం. 1924 మే 7న కొయ్యూరు దగ్గర అల్లూరిని కాల్చిచంపాక ఆయన్ని ఇక్కడే దహనం చేశారు. స్మారక ఉద్యానంలో ఆయన సమాధి, ఆయన ముఖ్య అనుచరుడు గాం గంటందొర సమాధి ఉన్నాయి. పైన వేలమంది ఉన్న రోజునా ఇక్కడ పట్టుమని పదిమంది కనపడరు. ఆ ఘాట్ రోడ్డు వాడుకుని మంచు చూసి వచ్చేవాళ్ళు ఒక్క గంట ఇటు మళ్ళితే ఎంత బావుంటుంది! నీడ ఉంది, కూర్చునే చోటుంది.

పందెం లెక్క చూస్తే బావ రెండు పాయింట్లు ఎక్కువ. ఊళ్ళోకి వచ్చి పకోడీలు నేనే ఇప్పించాను. వచ్చేవారం పాడేరు వైపు వంజంగి దారిలో మళ్ళీ ఆడతాం, ఆ దారి గెడ్డలన్నీ ముందే మ్యాపులో గుర్తు పెట్టుకుంటున్నాను.