మంచాన పడ్డ నాన్నకి ఏది మేలు: ఆస్పత్రా, ఇంట్లోవాళ్ళా, ఏజెన్సీ సిస్టరా?

పోయిన ఏడాది నాన్నకి పక్షవాతం వచ్చింది. ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి నుంచి బరంపురం ఆస్పత్రికి పరిగెత్తాం. పదహారు రోజులుంచి డిశ్చార్జ్ రాసేశారు. ఎడమ వైపు పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది, ముక్కులో ఆహారం పోసే రైల్స్ ట్యూబు, కింద యూరిన్ బ్యాగు. ఇంట్లో తలా ఒక మాట. విశాఖలో పెద్దాస్పత్రిలో ఇంకో నెల పెడదామని అన్నయ్య, ఏజెన్సీ మనిషిని మాట్లాడేద్దామని వదిన, ఆయన్ని నేను చూసుకోలేనా అని అమ్మ. నేను రాత్రిళ్ళు కూర్చుని దీని మీద పరిశోధనలేమైనా ఉన్నాయా అని వెతికాను. చదివిందీ మాకు జరిగిందీ కలిపి రాస్తున్నా.

ముందు ఆస్పత్రి సంగతి. 2021లో బ్రిటన్‌లో 9 చోట్ల జరిగిన ట్రయల్ (రోగుల్ని గుంపులుగా విడదీసి పోల్చి చూసే పరిశోధన) ఒకటి వచ్చింది. జబ్బు చేసిన 1055 మంది పెద్దవాళ్ళలో కొందరిని ఆస్పత్రిలో చేర్చారు, మిగతావాళ్ళకి ఇంటి దగ్గరే వైద్యం చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే సొంతింట్లో ఉంటున్నవాళ్ళు రెండు వైపులా దాదాపు అంతే, ఇంటి వైద్యంలో 78.6 శాతం, ఆస్పత్రి వైపు 75.3 శాతం. కానీ శాశ్వతంగా వృద్ధుల కేర్ హోముకి వెళ్ళిపోయినవాళ్ళు ఇంటి వైద్యంలో 5.7 శాతమైతే ఆస్పత్రి వైపు 8.7. నెల తిరిగేసరికి డెలీరియం, అంటే జబ్బులో ఉన్నట్టుండి వచ్చే మతి తప్పిన అయోమయం కూడా ఇంటి దగ్గరున్నవాళ్ళలోనే తక్కువ. అదెలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వార్డులో రెండో రాత్రి నాన్న తెల్లార్లూ "నౌపడా బండి వెళ్ళిపోయిందా" అని అడుగుతూనే ఉన్నారు, ఆ చిన్న గేజీ బండి ఆగిపోయి ఎన్నేళ్ళయిందో.

ఇది చదివి "చూశావా, ఇల్లే మేలు" అని అన్నయ్యకి ఫోన్ చేశాను. మర్నాడు మళ్ళీ నింపాదిగా చదివితే తెలిసింది, వాళ్ళ లెక్కలో ఇల్లు అంటే వృద్ధుల జబ్బులు చూసే డాక్టరు, నర్సు, ఫిజియో అందరూ గుమ్మంలోకి వచ్చే ఇల్లు. మా లెక్కలో ఇల్లు అంటే అమ్మ, నేను, ఒక నవారు మంచం. రెండూ ఒకటి కాదు.

ఇక ఇంట్లోవాళ్ళమే చూసుకోవడం. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1250 మంది పక్షవాతం రోగుల మీద ఒక ట్రయల్ జరిగింది, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొందరి ఇళ్ళవాళ్ళకి ప్రత్యేకంగా వ్యాయామాలూ సాయం చేసే పద్ధతీ నేర్పి పంపారు, మిగతావాళ్ళని మామూలుగానే పంపారు. ఆరు నెలలకి చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి ఇటు 47 శాతం, అటూ 47 శాతమే. అంటే కుటుంబం దండగ అని కాదు, నేర్పని ఇళ్ళలో మాత్రం చేసేదెవరు, వాళ్ళే కదా! ట్రైనింగ్ ఇచ్చేశాం, ఇక మీరే చూసుకోండి అంటే సరిపోదని నాకర్థమైంది. అమ్మ ఒంటిచేత్తో నాన్నని ఒత్తిగిలిస్తూ మూడో వారానికి నడుం పట్టేసి తనే పక్కన పడుకుంది. అప్పుడు ఒక ఇంట్లో ఇద్దరు పేషెంట్లు.

అప్పుడే ఏజెన్సీకి ఫోన్ చేశాం. నెలకి 16 వేలు, భోజనం మనదే. సిస్టర్ అన్నారు, మేమూ సిస్టర్ అనే పిలిచాం, అడిగితే నర్సు చదువులైన రెండేళ్ళ ఏఎన్ఎమ్ లేదు, మూడేళ్ళ జీఎన్ఎమ్ లేదు, అటెండెంట్ అంతే. మీరైనా ముందే సర్టిఫికెట్ అడగండి. మనిషి మంచిదే, నాన్నకి గడ్డం గీయడంలో మా అందరికంటే నేర్పరి. కానీ ఒక రాత్రి ఎయిర్‌బెడ్ (పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు) మోటారు ప్లగ్గు పీకి ఫోను చార్జింగ్ పెట్టుకుని నిద్రపోయింది. పొద్దున్న పరుపు చప్పబడి ఉంది, ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత ఎరుపు. వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫర్వాలేదు, నొక్కినా ఎర్రగానే ఉంటే పుండుకి మొదలన్నమాట. మాది తెల్లబడలేదు. పది రోజులు మడమ మంచానికి తగలకుండా పిక్క కింద దిండు పెట్టి కాచుకున్నాం.

పుండ్లు పడకుండా రాత్రంతా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలంటే ఎవరికైనా నిద్రుండదు. అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో 942 మంది మీద చేసిన 2013 నాటి ట్రయల్‌లో మందపాటి మంచి ఫోము పరుపు మీదైతే రెండు, మూడు, నాలుగు గంటల్లో ఎలా తిప్పినా పుండ్ల విషయంలో తేడా రాలేదు. అయితే వాళ్ళకి మొదట్లో పుండ్లు లేవు. అందుకని మడమ తగ్గేదాకా రెండు గంటలే పాటించి, తర్వాత ఫోము పరుపు కొని రాత్రిపూట నాలుగు గంటలకోసారి తిప్పడానికి మార్చాం. ఎయిర్‌బెడ్ అటక మీదుంది, కావలసినవాళ్ళు పట్టుకెళ్ళండి.

ఏది మేలంటే నా ఓటు మూడింటికీ పూర్తిగా పడదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక అటెండెంటు, వారానికోసారి జీఎన్ఎమ్ చదివిన నర్సు, రాత్రుళ్ళు మేము వంతులేసుకుని. ఇంట్లో ముసలి దంపతులే ఉంటే మాత్రం ఇరవై నాలుగ్గంటల మనిషి తప్పదు. ఆక్సిజనో సెలైనో కావాల్సొస్తే వాదనలొద్దు, ఆస్పత్రే. 70 దాటినవాళ్ళ ఆయుష్మాన్ కార్డు 5 లక్షలు కూడా అక్కడ చేరితేనే, అటెండెంటు జీతానికి పనికిరాదు. కేరళలో పంచాయతీ తరఫున నర్సు మంచాన పడ్డవాళ్ళ ఇంటికే వస్తుంది, అది చదివినప్పుడు మాత్రం కడుపు మండింది.

భాష సంగతి ఏ ట్రయల్‌లోనూ చూడలేదు గానీ మా ఊళ్ళో అదే పెద్ద పని. ఇప్పుడొచ్చే అమ్మాయి ఒడియా తప్ప మాట్లాడదు, నాన్నకి జబ్బు తర్వాత నోట తెలుగే వస్తోంది. దురద, దాహం, ఒత్తిగిలించు, ఇలాంటివి ఒక పదిహేను తెలుగు మాటలు ఒడియా అక్షరాల్లో రాసి మంచం పక్క గోడకి అంటించాను. గొట్టం తీసేశాక చెంచాతో తినిపించడం మొదలైంది. మొన్న చూస్తే ఆ కాగితం కింద ఆ అమ్మాయే పెన్సిల్‌తో ఇంకో మాట చేర్చుకుంది, "చాలు".