కొండమట్టి, పూలరంగు, ఆక్సైడ్ పొడి: నీటిరంగులకు ఏది మేలు?

కర్నూలు, కడప, అనంతపురం వైపు ఇంట్లోనే వాటర్‌కలర్ బిళ్లలు చేసుకోవాలనుకునేవాళ్లకు ముడిసరుకు మూడు రకాలుగా దొరుకుతుంది: కొండల్లో, గనుల దగ్గర దొరికే కావిమన్ను, పూలూ వేళ్లూ నీళ్లలో కాచి తీసే రంగు, గచ్చులకు కలిపే ఆక్సైడ్ పొడి. గోడకు తగిలించే బొమ్మకైతే కావిమన్నే మేలు. మిగతా రెండూ పనికిరావని కాదు, వాటి పని వేరు.

బేతంచర్ల, డోన్ చుట్టుపక్కల దొరికే పసుపు కావిలో రంగంతా ఇనుముదే. ఆ ఇనుము అప్పటికే తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి ఎండ దాన్ని ఇంకేమీ చేయలేదు. కర్నూలు జిల్లా కేతవరంలో, కడప జిల్లా చింతకుంటలో రాతిగుండ్ల మీద ఆదిమానవులు వేసిన ఎర్ర బొమ్మలు ఈనాటికీ కనిపిస్తున్నాయంటే కారణం అదే. అనంతపురం ఎర్రనేల చూడ్డానికి ఎర్రగా ఉన్నా అందులో ఇసుకే ఎక్కువ, బకెట్ మట్టి కడిగితే రంగు గుప్పెడే మిగులుతుంది. నంద్యాల వైపు నల్లరేగడి అసలు వద్దు. చేలో నెర్రెలిచ్చినట్టే బిళ్లలోనూ నెర్రెలిస్తుంది.

మట్టిని కడగడంలోనే సగం పనితనం ఉంది. 200 గ్రాముల పొడిని 2 లీటర్ల నీళ్లలో బాగా కలిపి ఒక నిమిషం ఆగండి. ఇసుక అడుక్కి దిగుతుంది, పైనున్న రంగునీళ్లను ఇంకో బకెట్లోకి వంచి అడుగుది పారబోయండి. ఇలా మూడుసార్లు వంచాక రాత్రంతా కదపకుండా వదిలేసి, పొద్దున పైతేట తీసేసి, మళ్లీ నీళ్లు పోసి కలపాలి. చౌడు నేలల మట్టిలో ఉప్పు ఉంటుంది. అది పోకపోతే ఆరిన బిళ్ల మీద తెల్లగా పూస్తుంది, వానాకాలంలో చెమ్మ పడుతుంది. ఉప్పు పోతోందని తెలిసే గుర్తు ఒకటుంది: కడిగేకొద్దీ నీళ్లు తేరుకోవడం ఆలస్యమవుతుంది. మొదటిసారి గంటలో తేరుకున్నవి నాలుగోసారి పూటంతా బురదగానే ఉంటే సంతోషించాల్సిందే. మన బోరునీళ్లే ఉప్పుగా ఉంటాయి కాబట్టి చివరి రెండు కడుగులకు వాననీళ్లో ఆర్‌వో నీళ్లో వాడండి. మట్టి మీద నిమ్మరసం పిండితే బుసబుసా పొంగిందంటే అందులో సున్నపురాయి కలిసి ఉంది. అలాంటి మట్టి రంగవుతుంది గానీ సుద్ద కలిపినట్టు వెలవెలపోతుంది.

ఆరాక కల్వంలో నూరి వస్త్రగాలితం పట్టాలి, అంటే పలచటి గుడ్డలో జల్లించాలి. ముక్కుకు మాస్కు తప్పనిసరి, సన్నటి రాతిదుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. పసుపు కావిని ఆరుబయట ఇనుప పెనంలో పలచగా పరిచి వేయిస్తే, దాదాపు 300 డిగ్రీల వేడికి అందులోని నీరు పోయి ఎర్ర కావి అవుతుంది. వేడిగా ఉన్నప్పుడు ముదురుగా కనబడుతుంది, చల్లారాక గానీ అసలు రంగు తేలదు. ఐదు నిమిషాలకోసారి చెంచాడు తీసి పక్కన పెడితే ఒకే మట్టి నుంచి నాలుగు ఛాయలు వస్తాయి.

పూలరంగు సంగతి వేరు. ఆ మెరుపు మట్టికి లేదు. ఎండబెట్టిన బంతి రేకలు 100 గ్రాములు లీటరు నీళ్లలో వేసి, తెర్లనివ్వకుండా సన్నమంట మీద గంటసేపు ఉంచి వడకట్టండి. 10 గ్రాముల పటిక వేడినీళ్లలో కరిగించి అందులో పోయాలి. ఆపైన 5 గ్రాముల వంటసోడా నీళ్లలో కలిపి చెంచా చెంచాగా వేయాలి. నురుగు పొంగి గిన్నె దాటుతుంది, అందుకే మూడింతల పెద్ద గిన్నె తీసుకోండి. రంగు ముద్దగా విరిగి అడుక్కి చేరాక మూడుసార్లు కడిగి, గుడ్డలో వడగట్టి, నీడలో ఆరబెట్టాలి. సోడా ఎక్కువైతే రంగు గోధుమకు తిరుగుతుంది. అంతా చేసి వచ్చేది కొద్ది గ్రాముల పొడే.

అదైనా నిలుస్తుందా అంటే, అక్కడే చిక్కు. వంటింటి పసుపుతో చేసిన రంగు ఏప్రిల్ ఎండకు రోజుల్లోనే ఎగిరిపోతుంది. బంతి కాస్త నయం. ఎర్రరంగుల్లో చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసేది ఇంకా నయం. నీలిమందును మాత్రం ఈ గాటన కట్టకూడదు. అది తనంతట తానే నీళ్లలో కరగని పొడి, పటికతో పనిలేకుండా నేరుగా నూరుకోవచ్చు, మిగతా మొక్కరంగుల కంటే గట్టిది. మట్టిలో నీలం దొరకదు కాబట్టి మన పెట్టెలో నీలం అదే.

ఇక ఆక్సైడ్ పొడి. ఫ్యాక్టరీలో చేసిన ఐరన్ ఆక్సైడ్ నిజానికి మంచి రంగే, సన్నగా, చిక్కగా, ఎండకు తట్టుకునేలా ఉంటుంది. మట్టిలో ఉండే గరుకు, కాగితం మీద రేణువులు విడివిడిగా దిగే అందం మాత్రం దానికి లేవు. కొనేముందు చిటికెడు పొడిని తడి టిష్యూ మీద వేయండి. చుట్టూ రంగు వలయం పాకితే అందులో నీళ్లలో కరిగే డై కలిపారన్నమాట, వదిలేయండి. ఇంగిలీకం (ఎర్రటి ఖనిజం), హరిదళం (పచ్చటి ఖనిజం) రంగు బాగుంటుందని నూరే ఆలోచన పెట్టుకోవద్దు. ఒకదాంట్లో పాదరసం, రెండోదాంట్లో ఆర్సెనిక్ ఉన్నాయి. తెలుపు కోసం మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) పొడి వాడొచ్చు గానీ, బంకలో అది సగం పారదర్శకంగా మారుతుంది. కింది రంగును కప్పేయదు, లేతగా చేస్తుందంతే.

ఏ రంగైనా బంక మంచిది కాకపోతే వృథా. తుమ్మబంక చాలు, బెరడు ముక్కలు ఏరేసి లేతరంగు తునకలే తీసుకోండి. నల్లగా ఉన్నది కావికి పనికొస్తుంది, నీలిని, తెలుపును చెడగొడుతుంది. వాటికి గమ్ అరబిక్ కొనడమే మంచిది. తపసి బంక కరగదు, ఉబ్బి జావలా అవుతుంది. 50 గ్రాముల బంకను 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో రాత్రి నానబెట్టి, వడకట్టి, 20 మిల్లీలీటర్ల తేనె, నాలుగు చుక్కల లవంగనూనె కలపాలి. చక్కెరపాకం కలిసిన తేనె అయితే బిళ్లలో పలుకులు కడుతుంది.

మట్టికి పొడి ఎంతో బంకనీళ్లు అంత. పూలరంగు ఇంకాస్త తాగుతుంది. గాజుపలక మీద మల్లర్‌తో (అడుగు చదునుగా ఉండే రుబ్బుడు గుండు) ఇరవై నిమిషాలు రుబ్బి, బిళ్లను ఒక్కసారే నింపకుండా మూడు పొరలుగా, ఒకటి ఆరాక ఒకటి పోయాలి. మన ఎండాకాలంలో ఫ్యాను కింద పెడితే పైన పెచ్చు కట్టి అంచుల్లో పగులుతుంది. మూతపెట్టిన డబ్బాలో నిదానంగా ఆరనివ్వండి, తేనె ఇంకో ఐదు మిల్లీలీటర్లు పెంచండి. వానాకాలంలో అదే కొలత జిగటగా మారుతుంది కాబట్టి తగ్గించుకోవాలి. బిళ్ల చేతికంటితే తేనె ఎక్కువైంది, ఆరిన బొమ్మ మీద రుద్దితే రంగు రాలితే బంక తక్కువైంది.

అమ్మకానికి చేసేవాళ్లు కావి నాలుగు ఛాయలు, నీలి, దీపపు మసి పెట్టుకుంటే ఒక పెట్టె నిండుతుంది. బంతిరంగు కూడా పెట్టాలనుకుంటే, కాగితం మీద పూసి సగం అట్టతో కప్పి నెలరోజులు కిటికీలో ఉంచిన ముక్కను ఆ బిళ్లతో పాటే ఇవ్వండి. స్కెచ్‌బుక్ మూసి ఉంచుకునేవాళ్లు, బొమ్మకు ఎండ తగలదు కాబట్టి, ఎలాగూ కొంటారు.