పాత వ్యానుకు వాడిన గేరుబాక్సు: మూడేళ్లు, 58 వేల కిలోమీటర్ల తర్వాత

మా వ్యానులో మూడో గేరు నిలవడం మానేశాక ఒక చెయ్యి ఎప్పుడూ గేరు రాడ్డుకే అంకితం. వాలులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, టక్కుమని న్యూట్రల్‌లోకి జారేది. విప్పి బాగు చేయించుకుందామంటే కావాల్సిన భాగాల్లో సగం దొరకలేదు. అదే మోడల్ వ్యాను ఒకటి వెనక నుంచి దెబ్బ తిని తుక్కుకు వెళ్తోందని తెలిసి, దాని అయిదు గేర్ల బాక్సు తెచ్చుకున్నాను. దెబ్బ వెనక తగిలిందంటే, ఆ రోజు వరకు బండి నడిచిందని అర్థం. నాకు అదే ధైర్యం.

తీసుకునే ముందు ఇన్‌పుట్ షాఫ్టును (ఇంజను తిప్పుడును బాక్సులోకి తెచ్చే కడ్డీని) చేత్తో తిప్పుతూ ఒక్కో గేరూ వేసి చూశాను. ఆ షాఫ్టు కొస పక్కలకు కాస్త ఆడుతుంది. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు, బండిలో ఆ కొసను ఇంజను వైపున్న చిన్న బేరింగ్ పట్టుకుంటుంది. లోపలికీ బయటికీ బాగా జరిగితేనే అనుమానించాలి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది నూనె. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపితే వెన్నలా మెత్తగా ఉంది, గరుకు లేదు, ఇనుప తునకలు లేవు. కాకపోతే నూనెను ఎండలో పట్టి చూస్తే సన్నటి పసుపు మెరుపు కనిపించింది. అది గేరు గరగరమనకుండా పడేలా వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగుల పొడి. చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

బిగించేటప్పుడు ఇద్దరం ఉన్నాం, కింద జాకీ ఉంది, అయినా చివరి రెండు సెంటీమీటర్లు ముప్పుతిప్పలు పెట్టాయి. బోల్టులు ఎక్కించి లాగేస్తే పోలా అనిపిస్తుంది. క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్‌కు బోల్టులు పట్టే చెవులు విరిగేది సరిగ్గా ఆ తొందరలోనే. పైగా బాక్సు బరువును ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడనిస్తే క్లచ్ ప్లేటు వంగుతుంది. నాలుగో గేరులో వేసి, వెనక షాఫ్టును వెంట్రుకవాసి తిప్పాను. పళ్లు గాడిలో పడి, బాక్సు తనంతట తానే ముందుకు జారింది. గంటన్నర కుస్తీ పట్టిన పని అర నిమిషంలో అయిపోయింది.

కొత్త క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ వేశాను. ఇంజను వెనక ఆయిల్ సీలు మాత్రం మార్చలేదు. పొడిగా ఉంది కదా, కదిలించడం ఎందుకన్నది నా తర్కం. నాలుగు నెలలకు ఎక్కుడులో ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదు. కాలిన నూనె వాసన. బాక్సు మళ్లీ దించితే కొత్త ప్లేటు తడిసి ముద్దయి ఉంది. అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం కోసం పని మొత్తం రెండోసారి చేశాను, ప్లేటు మరొకటి కొన్నాను. ఇందులో గేరుబాక్సు తప్పేమీ లేదు, నాదే.

స్పీడు మీటరు కూడా కొన్నాళ్లు అబద్ధం చెప్పింది. ఫోను 60 అంటుంటే ఇది 63 దాటి చూపేది. మీటరు కేబుల్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం విప్పి లెక్కపెడితే, మా పాత బాక్సులో 19 పళ్లు, దీనిలో 18. పాతది తీసి ఇందులో పెట్టాక సరిపోయింది.

నూనె విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. మా బాక్సుకు తయారీదారు చెప్పింది జీఎల్-4 రకం గేరు నూనె. అంకె పెద్దది కదా, మేలు చేస్తుందని జీఎల్-5 పోయమన్నవాళ్లు ఉన్నారు. ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ గేర్ల కోసం అందులో ఎక్కువగా కలిపే గంధకం, భాస్వరం రసాయనాలు ఇత్తడి రింగులకు పడకపోవచ్చు. అసలే పసుపు పొడి రాలుస్తున్న బాక్సు నాది. ఇంకో మాట: నూనె దించే ముందు పోసే వైపు బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. అది పట్టేసిందని అంతా దించాక తెలిస్తే బండి అక్కడే ఉంటుంది.

ఇక నడక. మూడో గేరు ఈ మూడేళ్లలో ఒక్కసారీ జారలేదు. అయిదో గేరులో మూలుగు లేదు, నిండు బరువుతో కూడా. రివర్సు మొదటి నుంచీ మొరటే, ఇప్పుడూ అంతే. ఆ పసుపు మెరుపు మాత్రం తన మాట చెల్లించుకుంది. చలి ఉదయాల్లో మొదటి నుంచి రెండో గేరుకు వేస్తే గరగరమంటుంది. న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి వేస్తే మెత్తగా పడుతుంది. రెండు మూడు కిలోమీటర్లు పోయి నూనె వేడెక్కాక ఆ అవసరమూ ఉండదు. మా పాత బాక్సులోని రెండో గేరు రింగు బాగానే ఉంది. దాన్ని విప్పి, నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచాను.