మబ్బుల్లో గ్రహణం: ఫోనా, కెమెరానా?
2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణంలో సంపూర్ణ దశ, అంటే చంద్రుడు పూర్తిగా భూమి నీడలో ఉన్న సమయం, 82 నిమిషాలు సాగింది. అంత వ్యవధి ఉన్నా సెప్టెంబరులో విశాఖ ఆకాశాన్ని నమ్మలేం. మబ్బు ఎప్పుడు విడుస్తుందో, ఎంతసేపు విడుస్తుందో తెలియదు.

ఫోన్ అయితే జేబులోంచి తీసి క్షణంలో క్లిక్ చేయొచ్చు. కానీ ఆటో మోడ్‌లో వదిలేస్తే చంద్రుడు తెల్లటి చుక్కలా పడతాడు. స్క్రీన్‌పై వేలు నొక్కి పట్టుకుని వెలుతురు తగ్గించాలి. మబ్బు అంచులు మెరిసే దృశ్యానికి మాత్రం ఫోనే హాయి.

ఎర్రబడ్డ చంద్రుడు కావాలంటే కెమెరా, ట్రైపాడ్, దూరాన్ని దగ్గరగా చూపే 300 ఎంఎం లెన్స్ తప్పవు. పాక్షిక దశలో షట్టర్ సెకనులో 125వ వంతు తెరిస్తే చాలు. సంపూర్ణ దశలో ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) 1600 పెట్టినా దాదాపు సెకను పడుతుంది. పల్చటి మబ్బు అడ్డొచ్చినా ఆటోఫోకస్ తడబడుతుంది. అందుకే ముందే మాన్యువల్‌లో ఫోకస్ కుదిర్చి పెట్టుకోవాలి. ఆర్కే బీచ్‌లో ఇంకో తలనొప్పి: ఉప్పుగాలికి లెన్స్ మసకబారుతుంది, ట్రైపాడ్ ఊగుతుంది. మేడ మీదే నయం.

దట్టంగా ముసురు పడితే? రెండూ లోపల పెట్టేసి, టీ తాగుతూ లైవ్ చూడటమే.